28 లక్షల బాకీ, నాలుగు పాత కాగితాలు: ఒక సబ్‌కాంట్రాక్టరు కేసు

కృష్ణా జిల్లాలో ఒక ప్రైవేటు విద్యాసంస్థ హాస్టల్ బ్లాకు కట్టించుకుంది. పని ఒక కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ సెంట్రింగ్, రాడ్ బెండింగ్, కాంక్రీటు, గోడ కట్టుబడి మొత్తం నా క్లయింటుకు సబ్‌కాంట్రాక్టు ఇచ్చింది. పని అయిపోయింది, పిల్లలు హాస్టల్లో చేరారు, మూడేళ్లు కావస్తోంది. సబ్‌కాంట్రాక్టరు డబ్బు మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది. చిన్న కాంట్రాక్టర్లలో పదిమందిని అడిగితే ఏడెనిమిది మంది ఇదే కథ చెబుతారు. ఈ కేసులో కాస్త భిన్నంగా జరిగింది కాబట్టి, ఏం జరిగిందో మొదటి నుంచి రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా ఊరు పేరు వదిలేశాను, కొన్ని అంకెలు సర్దాను. చట్టాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టే రాశాను.

2025 జులైలో నా దగ్గరికి వచ్చింది ఇద్దరు, బావా బావమరుదులు. ఇద్దరూ కలిసి ఫర్మ్ నడుపుతున్నారు. చేతిలో ఒక సంచీ. సంచీలో బిల్లులు, చలాన్లు, డీజిల్ రసీదులు, లేబర్ హాజరు పుస్తకాలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వాళ్ల మొదటి ప్రశ్న బాకీ గురించి కాదు. "సార్, చీటింగ్ కేసు పెడితే భయపడి ఇచ్చేస్తారు కదా?" అన్నాడు పెద్దాయన.

ఈ ప్రశ్న ప్రతి కాంట్రాక్టరూ అడుగుతాడు. మోసం కేసు నిలబడాలంటే పని ఇచ్చే రోజునే అవతలివాడికి ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. ఏడు బిల్లులకు డబ్బిచ్చి ఎనిమిదో బిల్లు దగ్గర ఆగినవాడి మీద అది చూపించడం దాదాపు అసాధ్యం. సివిల్ బాకీని క్రిమినల్ కేసుగా మార్చడాన్ని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు తప్పుపట్టింది. స్టేషన్ చుట్టూ తిరిగి ఆరు నెలలు పోగొట్టుకున్నాక అసలు దావా గడువు దాటిపోయినవాళ్లను నేను చూశాను. కాబట్టి ఆ మాట అక్కడితో ఆపేసి, సంచీ టేబుల్ మీద కుమ్మరించమన్నాను.

లెక్క ఇదీ

వర్క్ ఆర్డర్ కంపెనీ లెటర్‌హెడ్ మీద, 2021 అక్టోబరులో ఇచ్చినది. మూడు పేజీలు. విలువ 96 లక్షలు, జీఎస్టీ వేరే. సిమెంటు, స్టీలు కంపెనీది. లేబర్, సెంట్రింగ్ సామాను సబ్‌కాంట్రాక్టరుది. 2022 జూన్‌కి అయిపోవాల్సిన పని సెప్టెంబరులో అయింది. మొత్తం బిల్లులు 92 లక్షలు. ప్రతి బిల్లులో 5 శాతం రిటెన్షన్ (పనిలో లోపాలు బయటపడితే అని ఆపి ఉంచే సొమ్ము) కింద ఆపారు, అంటే 4.60 లక్షలు. చివరిదైన ఎనిమిదో ఆర్‌ఏ బిల్లు (రన్నింగ్ అకౌంట్, అంటే పని జరిగేకొద్దీ వేసే బిల్లు) 18 లక్షలు. అందులో రిటెన్షన్ 90 వేలు, టీడీఎస్ 36 వేలు పోను 5.34 లక్షలు ఇచ్చారు. 11.40 లక్షలు ఆగింది. ఆ బిల్లు మీద జీఎస్టీ 3.24 లక్షలు వీళ్లు సొంత జేబులోంచి కట్టేశారు. అది కూడా రాలేదు.

ఇవి కాక వర్క్ ఆర్డర్లో లేని పనులున్నాయి. నీళ్ల సంప్, వెనక ప్రహరీ గోడ, మెస్ దగ్గర ర్యాంప్. వీటికి మెటీరియల్ కూడా వీళ్లే తెచ్చుకున్నారు. బిల్లు ఎప్పుడూ వేయలేదు. "తర్వాత మాట్లాడదాం" అన్నారట సైట్ ఇంజనీరు. వీళ్ల లెక్క ప్రకారం 9.25 లక్షలు. అన్నీ కలిపితే 28.49 లక్షలు.

ముందు క్యాలెండర్

బాకీ కేసు ఏదైనా నేను మొదట చూసేది ఎంత రావాలన్నది కాదు, ఎప్పటిలోగా అడగాలన్నది. లిమిటేషన్ చట్టం, 1963 ప్రకారం డబ్బు చెల్లించే తేదీ ఏదీ అనుకోకుండా చేసిన పనికి, పని చేసిన రోజు నుంచి మూడేళ్లలో దావా వేయాలి. అదనపు పనులు ముగిసింది 2022 సెప్టెంబరు 22న. అంటే 2025 సెప్టెంబరు 22 తర్వాత ఆ 9.25 లక్షల మాట కోర్టులో ఎత్తలేం. వీళ్లు వచ్చింది జులై చివర. "మేం నెలనెలా ఫోన్ చేస్తూనే ఉన్నాం సార్, అప్పుడు గడువు పెరగదా?" అని అడిగారు. పెరగదు. వంద ఫోన్లు చేసినా, లీగల్ నోటీసు ఇచ్చినా గడువు ఒక్కరోజు కూడా జరగదు. గడువు ఇంకా మిగిలి ఉండగానే బాకీపడ్డవాడు బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెడితేనే ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. అది లిమిటేషన్ చట్టం 18వ సెక్షను.

సంచీలో ఈ కేసుని నిలబెట్టిన మొదటి కాగితం అప్పుడే దొరికింది. 2023 జూన్ 10 తేదీతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్. ఆడిట్ కోసం కంపెనీలు ఏటా తమ సప్లయర్లకూ సబ్‌కాంట్రాక్టర్లకూ పంపే మామూలు కాగితం అది. "31-03-2023 నాటికి మా పుస్తకాల ప్రకారం మీకు ఇవ్వవలసినది 19.24 లక్షలు, సరిచూసి సంతకం చేసి పంపగలరు" అని ఉంది. కింద కంపెనీ అకౌంట్స్ మేనేజరు సంతకం, రౌండు సీలు. 11.40, 3.24, 4.60 కలిపితే సరిగ్గా 19.24. క్లయింటు దాన్ని ఏదో ఆడిట్ తంతు అనుకుని సంతకం చేసి ఒక కాపీ పంపేశాడు. రెండో కాపీ సంచీలో పడేశాడు, ఆ మాటే మర్చిపోయాడు. ఈ ఒక్క కాగితంతో అంత బాకీకి 2026 జూన్ దాకా గడువు దొరికింది. సంతకం పెట్టినవాడికి ఆ అధికారం ఉందా అనే వాదన వస్తుందని తెలుసు. కానీ అదే మేనేజరు సంతకంతో వచ్చిన పేమెంట్ అడ్వైజులు ఇంకో ఐదు ఉన్నాయి.

అదనపు పనులకు ఆ రక్షణ లేదు, ఎందుకంటే బిల్లే వేయలేదు కాబట్టి అవి కంపెనీ పుస్తకాల్లోకి ఎక్కలేదు. కాబట్టి మా పరుగంతా ఆ సెప్టెంబరు తేదీ కోసమే.

ఇంకో రెండు కాగితాల సంగతి. మన పాన్ మీద ఎవరు ఎంత పన్ను కోసి కట్టారో చూపించే ఫారం 26ఏఎస్ డౌన్‌లోడ్ చేయించాను. టీడీఎస్ అనేది డబ్బు ఇచ్చినప్పుడు గానీ, పుస్తకాల్లో జమ వేసినప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు కోయాలి. ఎనిమిదో బిల్లు మొత్తం 18 లక్షల మీదా 2 శాతం కోసి, 36 వేలు మన పాన్ మీద కట్టి ఉంది. "ఆ బిల్లు మేం సర్టిఫై చేయలేదు" అని కంపెనీ తర్వాత అన్నప్పుడు ఈ ప్రింటవుటే సమాధానం అయింది. సర్టిఫై చేయని బిల్లుని పుస్తకాల్లో ఎలా ఎక్కించారు, దాని మీద పన్ను ఎలా కోశారు?

ఇక చెక్కు. 2023 ఆగస్టులో 3 లక్షలకి ఇచ్చారు, బ్యాంకులో డబ్బు లేదని తిరిగొచ్చింది. "మళ్లీ పనులిస్తాడు కదా, సంబంధం ఎందుకు చెడగొట్టుకోవాలని" బీరువాలో పెట్టేశారు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షను ఇంత కచ్చితంగా లెక్కపెడుతుంది. ఆ అవకాశం పోయింది. బాకీ ఉందని చెప్పే సంతకంగా మాత్రం చెక్కు ఇప్పటికీ పనికొస్తుంది.

ఫర్మ్ ఉంది, రిజిస్ట్రేషన్ లేదు

"మాది రిజిస్టర్డ్ ఫర్మే సార్" అన్నారు. ఏ రిజిస్ట్రేషన్ అంటే జీఎస్టీ సర్టిఫికెట్ చూపించారు. ఇది చాలా మామూలుగా కనిపించే గందరగోళం. జీఎస్టీ నంబరు, పాన్, కరెంట్ ఖాతా, లేబర్ లైసెన్సు ఇవన్నీ ఉన్నా, పార్ట్‌నర్‌షిప్ చట్టం, 1932 కింద రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు కాకపోతే ఆ ఫర్మ్ కాంట్రాక్టు హక్కుల కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. 69వ సెక్షను అడ్డం. ఎదుటివాడు మన మీద వేయొచ్చు, మనం వాడి మీద వేయలేం. ఈ ఒక్క కారణంతో దావాలు కొట్టేసిన సందర్భాలు కోకొల్లలు. దావా వేశాక రిజిస్టర్ చేయించుకుంటే ఆ దావా బతకదు. మళ్లీ వేయాలంటే అప్పటికి గడువు ఉండాలి.

ఊరట ఏమిటంటే, కాంట్రాక్టు జరిగిన రోజున రిజిస్ట్రేషన్ లేకపోయినా పర్వాలేదు, దావా వేసే రోజుకి ఉంటే చాలు. రిజిస్టరులో భాగస్వాముల పేర్లు కూడా సరిగ్గా ఉండాలి. పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో బావమరిది పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. అది సరిచేయించి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఆగస్టులోనే పని పూర్తి చేయించాం. ఖర్చు పెద్దది కాదు. పని మొదలుపెట్టిన ఏడాదే చేయించుకుని ఉంటే అసలు టెన్షనే ఉండేది కాదు.

ఎంఎస్‌ఎంఈ కౌన్సిల్‌కి ఎందుకు వెళ్లలేదు

ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే యూట్యూబులో చూసి వచ్చే ప్రతి క్లయింటూ "సమాధాన్ పోర్టల్లో వేద్దాం సార్, మూడు రెట్ల వడ్డీ వస్తుందట" అంటాడు. సమాధాన్ అంటే చిన్న సంస్థలు రాని బాకీల మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వ పోర్టల్. వడ్డీ మాట అబద్ధం కాదు. ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పుకున్న తేదీలోగా, ఎలాగైనా 45 రోజులు మించకుండా చెల్లించాలి. మించితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. వివాదం ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది, ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్. అవార్డుని ఎదుటివాడు కోర్టులో సవాలు చేయాలంటే 75 శాతం డిపాజిట్ కట్టాలి. ఆ ఆయుధం దొరికినవాడికి నిజంగా బలమైనదే.

మనకు దొరకలేదు, రెండు కారణాలతో. మొదటిది, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే ఎంఎస్‌ఎంఈగా నమోదు, వీళ్లు తీసుకున్నది 2023 ఫిబ్రవరిలో, పని అయిపోయాక. అది కూడా బ్యాంకు లోను కోసం. సప్లై తర్వాత రిజిస్టర్ చేసుకుని, వెనక్కి వెళ్లి ఆ చట్టం లాభం అడగలేరని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో, 2022 అక్టోబరులో మహాకాళీ ఫుడ్స్ కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి దీన్ని వేరేగా చూసి పెద్ద బెంచికి పంపింది. అంటే ప్రశ్న తెరిచే ఉంది. తెరిచి ఉన్న ప్రశ్న మీద నా క్లయింటు డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు. రెండో కారణం, నిర్మాణ పనుల కాంట్రాక్టులు, అంటే వర్క్స్ కాంట్రాక్టులు, ఈ చట్టం కిందికి రావని బాంబే సహా కొన్ని హైకోర్టులు అన్నాయి. అవతలి వకీలు మొదటి రోజే ఆ అభ్యంతరం పెడతాడు. దాని మీదే ఏళ్లు గడుస్తాయి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు మొదటి వర్క్ ఆర్డర్ మీద సంతకం పెట్టకముందే అది చేసేసుకోండి. మధ్యవర్తులకు వేలు కట్టకండి.

సంప్ కథ

అదనపు పనుల్లో అసలు చిక్కు వర్క్ ఆర్డర్లోని 11వ క్లాజు. "ఆఫీసు నుంచి రాతపూర్వక ఆర్డరు లేనిదే ఏ అదనపు పనికీ చెల్లింపు ఉండదు." ఇలాంటి క్లాజు ప్రతి కంపెనీ పెడుతుంది. సైట్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు, కంపెనీ ఇంజనీరుతో సహా.

మా దగ్గర ఏముంది? ఒకటి, వాట్సాప్. "రేపటి నుంచి సంప్ తవ్వకం స్టార్ట్ చేయండి, రేటు తర్వాత చూద్దాం" అని సైట్ ఇంజనీరు మెసేజ్, దాని కింద చేత్తో గీసిన స్కెచ్ ఫొటో. క్లయింటు ఫోను మార్చేశాడు, ఆ చాట్ పోయింది. అదృష్టం, అదే గ్రూపులో బావమరిది ఉన్నాడు, అతని పాత ఫోన్లో మొత్తం ఉంది. ఆ ఫోన్ని అలాగే ఉంచమన్నాను, రీసెట్ చేయొద్దు, అమ్మొద్దు, పిల్లలకు ఇవ్వొద్దు. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకొచ్చి ఇస్తే కోర్టు ఊరికే తీసుకోదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ కావాలి. దానిలో రెండు భాగాలు, ఒకటి ఫోను ఎవరి దగ్గర ఉందో వారిది, రెండోది నిపుణుడిది. ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే డిజిటల్ వేలిముద్ర లాంటిది) కూడా రాయాలి. 2024 జులై 1 నుంచి ఇదే పద్ధతి.

రెండోది ఇంకా గట్టిది. సైట్‌లో కొలతలు రాసుకునే లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ. సిమెంటు మరక పడి కింది మూల ముద్దగా అయిపోయి ఉంది. పెన్సిల్‌తో "సంప్ 6.00 x 4.50 x 3.00" అని, పక్కన రెండు చోట్ల గోడ మందం, అడుగు స్లాబు మందం, కొట్టేసి మళ్లీ రాసిన ఒక అంకె. దాని కింద నీలి సిరాతో పొట్టి సంతకం, తేదీ 19/8. సంవత్సరం లేదు, పేరు లేదు. అయితే అదే సంతకం ఏడో ఆర్‌ఏ బిల్లు కొలతల షీటు మీద, కంపెనీ సీలు పక్కన ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ఆ కొలతలకి సంప్‌లో 81 వేల లీటర్లు పడతాయి. హాస్టల్ పిల్లలు మూడేళ్లుగా ఆ నీళ్లే వాడుతున్నారు.

చట్టంలో మా ఆధారం కాంట్రాక్టు చట్టం, 1872లోని 70వ సెక్షను. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు ఇంకొకరికి చట్టబద్ధంగా ఏదైనా చేసిపెడితే, ఆ లాభం వాళ్లు అనుభవిస్తే, తగిన పరిహారం ఇవ్వాలి. 1944లో బెంగాల్‌లో సివిల్ సప్లైస్ అధికారుల మాట మీద ఒక ఫర్మ్ ఆరంబాగ్‌లో తాత్కాలిక గోదాములు కట్టింది. పద్ధతి ప్రకారం కాంట్రాక్టు లేదు కాబట్టి డబ్బివ్వం అంది ప్రభుత్వం. బి.కె. మండల్ అండ్ సన్స్ పేరుతో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కట్టించుకుని వాడుకున్నాక డబ్బు ఇవ్వాల్సిందే అని 1961 డిసెంబరులో తీర్పొచ్చింది. ప్రభుత్వానికే తప్పనిది ప్రైవేటు కంపెనీకి ఎలా తప్పుతుంది?

అంత ధీమాగా చెప్పకూడదు కూడా. కాంట్రాక్టులోనే "రాత లేకపోతే డబ్బు లేదు" అని ఉన్నప్పుడు, కాంట్రాక్టుని పక్కన పెట్టి 70వ సెక్షను పట్టుకోవడం కుదరదని అవతలివాళ్లు గట్టిగానే వాదించగలరు. కాబట్టి క్లయింటుతో ముందే చెప్పాను, 9.25 లక్షల్లో పూర్తిగా వస్తుందని లెక్క వేసుకోవద్దని.

నోటీసూ, వాళ్ల జవాబూ

ఆగస్టు మొదట్లో నోటీసు పంపాం. నోటీసులో రెండు సంగతులు మర్చిపోకూడదు. వడ్డీ ఒప్పందంలో లేకపోతే, రాతపూర్వకంగా వడ్డీ కూడా అడుగుతున్నామని చెప్పిన రోజు నుంచే ఇంటరెస్ట్ చట్టం, 1978 కింద దాన్ని కోరవచ్చు. రెండోది జీఎస్టీ. ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కి విలువా పన్నూ చెల్లించకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ని (ఆ బిల్లు పన్నుని తన పన్నులోంచి తగ్గించుకున్నదాన్ని) కంపెనీ వడ్డీతో వెనక్కి కట్టాలి. ఇది బెదిరింపులా రాయకూడదు. డిపార్టుమెంటుకి చెబుతాం అనకూడదు. నిబంధన ఇదీ, మీ బాధ్యత మీరు చూసుకోండి అని ఒక వాక్యం చాలు. ఆ వాక్యం కంపెనీ ఎండీ గారి కంటే ముందు ఆయన ఆడిటర్‌ని కదిలించిందని తర్వాత తెలిసింది.

జవాబు నోటీసులో మూడు వాదనలు వచ్చాయి. యజమాని నుంచి మాకు డబ్బు వచ్చాకే మీకిస్తామని క్లాజు ఉంది అన్నది ఒకటి. సరే, ఎంత వచ్చిందో బిల్లుల వారీగా చూపించండి అని అడిగాం. ఆ తర్వాత ఆ వాదన మళ్లీ వినిపించలేదు.

ఆలస్యానికి 5 శాతం, 4.80 లక్షలు కోత అన్నది రెండోది. మూడు నెలలు ఆలస్యం అయిన మాట నిజమే. కానీ ఆ మూడు నెలల్లో వాళ్లు పని తీసుకున్నారు, బిల్లులు పాస్ చేశారు. ఆలస్యానికి నష్టపరిహారం అడుగుతామని ఒక్క కాగితం రాయలేదు. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షను ప్రకారం ఆలస్యమైన పనిని తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పి ఉండాలి. మా వైపు నుంచి కూడా ఒక్కటే ఉత్తరం ఉంది, రెండో ఫ్లోర్ డ్రాయింగులు ఇంకా రాలేదని. మిగతావన్నీ ఫోన్లే. ఆ ఒక్క ఉత్తరమే గట్టిగా పనిచేసింది.

మూడోది స్టీలు. ఇక్కడ మేం బలహీనం. కంపెనీ ఇచ్చిన స్టీలు 120 టన్నులు, బార్ బెండింగ్ షెడ్యూలు (ఏ భాగానికి ఎంత రాడ్ కావాలో లెక్కగట్టిన పట్టిక) ప్రకారం వాడింది 111.6 టన్నులు. తేడా 8.4 టన్నులు, టన్ను 70 వేల చొప్పున 5.88 లక్షలు మా బాకీలోంచి కోస్తున్నట్టు డెబిట్ నోట్. ఆ డెబిట్ నోట్ తేదీ మా లీగల్ నోటీసు తర్వాతది, అది వాళ్లకు మంచి చేయలేదు. అయినా ఇష్యూ స్లిప్పుల మీద మన మేస్త్రీ సంతకాలు ఉన్నాయి. చదవకుండా, తూకం చూడకుండా పెట్టిన సంతకాలు. వాటిని కాదనలేం. లెక్కనైతే తగ్గించగలిగాం. వర్క్ ఆర్డర్లోనే 3 శాతం వేస్టేజీ ఒప్పుకున్నారు, అంటే 3.6 టన్నులు తీసేయాలి. మిగిలిన 4.8 టన్నులకు 3.36 లక్షలు. సైట్‌లో మిగిలిన ముక్కలు కంపెనీయే లారీలో తీసుకెళ్లి తుక్కు కింద అమ్ముకుంది. క్లయింటు హాజరు పుస్తకంలో మడిచిపెట్టిన వేబ్రిడ్జి స్లిప్పులు దొరికాయి, 4.6 టన్నులు. టన్ను 35 వేల చొప్పున 1.61 లక్షలు. పోను 1.75 లక్షలు మేం ఇవ్వాలి. ఇంతకు దిగిరావడానికి క్లయింటు ఒప్పుకోలేదు, "దొంగతనం మా మీద వేస్తున్నారు" అని బాధపడ్డాడు. ఇది దొంగతనం మాట కాదు, సంతకం మాట అని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది.

మీడియేషన్

నిర్మాణ కాంట్రాక్టు వివాదం 3 లక్షలు దాటితే అది కమర్షియల్ కోర్టు కేసు. అత్యవసర ఉత్తర్వులు అవసరం లేని కేసయితే, దావాకి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర మీడియేషన్‌కి వెళ్లాల్సిందే. కమర్షియల్ కోర్టుల చట్టంలో 2018లో తెచ్చిన 12ఏ సెక్షను ఇది. ఇది తప్పనిసరి అని, వెళ్లకుండా వేసిన దావాని తిరస్కరించాల్సిందే అని 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చాలామంది దీన్ని తలనొప్పి అనుకుంటారు. నాకైతే ఈ కేసులో ఇదే వరం. మీడియేషన్‌లో గడిచిన కాలం లిమిటేషన్ లెక్కలోకి రాదు. సెప్టెంబరు మొదటి వారంలో ఫారం, వెయ్యి రూపాయల ఫీజు కట్టేసరికి ఆ 22వ తేదీ భయం తగ్గింది. ఎదుటివాళ్లు రాకపోతే నాన్ స్టార్టర్ రిపోర్టు ఇస్తారు, అది పట్టుకుని దావా వేసుకోవచ్చు. ప్లెయింట్, అంటే దావా కాగితం, సిద్ధంగానే ఉంచాను.

వచ్చారు. 10 నుంచి 50 లక్షల వివాదానికి మీడియేషన్ ఫీజు 30 వేలు, ఇద్దరికీ చెరి సగం. మొదటి సిట్టింగ్‌లో ఎండీ గారు మాట్లాడిందంతా "వీళ్లని పెంచి పెద్దచేసింది నేనే" అనే. మా పెద్దాయన తలవంచుకుని "అవునండీ, కాదన్లేదు" అన్నాడు. ఆ మాటకి ఆయన కాస్త మెత్తబడ్డాడు. రెండో సిట్టింగ్‌కి వాళ్ల ఆడిటర్ వచ్చాడు. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్, 26ఏఎస్ టేబుల్ మీద పెట్టాక 14.64 లక్షల గురించి ఇక మాటే లేదు. సంప్, గోడ, ర్యాంప్ మీద బేరం జరిగింది, 6.50 లక్షలకు తెగింది, ఇప్పుడు ఇన్‌వాయిస్ వేస్తే జీఎస్టీ వేరే ఇస్తామన్నారు. రిటెన్షన్‌లో బాత్రూముల లీకేజీ మరమ్మతుకి 60 వేలు తగ్గించి 4 లక్షలు. స్టీలు కింద 1.75 లక్షలు మేం వదులుకున్నాం. మొత్తం 23.39 లక్షలు. వడ్డీ వదిలేశాం. క్లయింటు ముఖం చిన్నబోయింది. కోర్టులో గెలిచి, అప్పీలు దాటి, ఎగ్జిక్యూషన్ (తీర్పు అమలు) దాకా వెళ్లే కాలాన్ని వడ్డీతో పోల్చి కాగితం మీద చూపించాక ఒప్పుకున్నాడు.

ఒప్పందం రాయడంలో ఒక మెలకువ ఉంది. "వాయిదా తప్పితే అదనంగా ఇంత కట్టాలి" అని రాస్తే, అది జరిమానా క్లాజు అని రేపు కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను చూపించి తగ్గించమంటారు. అందుకని తిరగేసి రాశాం. బాకీ 28.49 లక్షలని కంపెనీ ఒప్పుకుంటోంది, వాయిదాలన్నీ తేదీకి కడితే 23.39 లక్షలతో సరిపెట్టుకోవడానికి ఫర్మ్ ఒప్పుకుంటోంది, ఒక్క వాయిదా ఏడు రోజులు మించి ఆగినా ఈ రాయితీ పోతుంది. సంతకం రోజునే 8 లక్షల డీడీ. మిగతా 15.39 లక్షలు మూడు నెలలు, నెలకి 5.13 లక్షలు. 12ఏ కింద జరిగిన రాజీకి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన విలువ ఉంటుంది కాబట్టి మళ్లీ దావా అక్కర్లేదు, తప్పితే నేరుగా ఎగ్జిక్యూషనే.

మొదటి రెండు వాయిదాలు తేదీకి వచ్చాయి. మూడోది ఆగింది. ఐదో రోజున ఎగ్జిక్యూషన్ పిటిషన్ డ్రాఫ్టుని, 28.49 లక్షల లెక్కతో, వాళ్ల వకీలుకి పంపాను. మర్నాడు సాయంత్రానికి ఆర్‌టీజీఎస్ పడింది. పాత చెక్కు వెనక్కిచ్చేసి రసీదు తీసుకున్నాం. ఆ కంపెనీయే ఇప్పుడు వీళ్లకి ఇంకో సైట్ ఇస్తానంటోంది. కొత్త వర్క్ ఆర్డర్ డ్రాఫ్టు చదవడానికి పంపారు. అందులో అదనపు పనుల క్లాజు కింద "సైట్ ఇంజనీరు సంతకం చేసిన జాయింట్ కొలతల షీటుని రాతపూర్వక ఆర్డరుగా పరిగణించాలి" అని ఒక వాక్యం చేర్చి తిరిగి పంపాను. ఇంకా జవాబు రాలేదు.